వైల్డ్‌ఫ్లై డొమైన్ విధానంలో అప్లికేషన్ సర్వర్లు, క్లస్టర్: ఏర్పాటుకు సమగ్ర మార్గదర్శి

సర్వర్లన్నింటినీ ఒకే చోటు నుంచి నిర్వహించుకోవడం వేరు, ఆ సర్వర్లు క్లస్టర్‌గా కలిసి పనిచేయడం వేరు. ఈ రెండింటినీ కలగలిపి ఒకే పని అనుకోవడం వల్లే చాలా ఏర్పాట్లు మొదటి వారంలోనే చిక్కుల్లో పడతాయి. కేంద్రీకృత నిర్వహణ అంటే సెట్టింగులు, అప్లికేషన్ ఫైళ్లు ఒక చోట ఉండి అక్కడి నుంచి మిగతా యంత్రాలకు చేరడం. క్లస్టర్ అంటే నడుస్తున్న సర్వర్లు ఒకదానినొకటి గుర్తించి, వాడుకరుల సెషన్లను (లాగిన్ వంటి తాత్కాలిక సమాచారాన్ని) పంచుకుని, ఒకటి పడిపోయినప్పుడు మరొకటి ఆ పనిని అందుకోవడం. మొదటిది లేకుండా రెండోది సాధ్యమే, రెండోది లేకుండా మొదటిదీ సాధ్యమే. ఈ మార్గదర్శి రెండింటినీ వేర్వేరు దశలుగా నిర్మిస్తుంది. మొదటిది సరిగా నిలిచిందని తేలాకే రెండోదానికి వెళ్తుంది.

ఉదాహరణకు జావా అప్లికేషన్లను నడిపే సర్వర్ అయిన వైల్డ్‌ఫ్లైని తీసుకుంటున్నాను. సర్వర్లన్నింటినీ ఒకే చోటు నుంచి నిర్వహించే దాని డొమైన్ విధానం 2011లో వచ్చిన జేబాస్ ఏఎస్ 7తో మొదలైంది. 2014లో 8వ వెర్షన్ నుంచి ఆ సర్వర్ పేరు వైల్డ్‌ఫ్లైగా మారింది. రెడ్ హ్యాట్ చందాతో ఇచ్చే జేబాస్ ఈఏపీ కూడా ఇదే నిర్మాణం మీద నడుస్తుంది. వెబ్‌స్ఫియర్‌లో డిప్లాయ్‌మెంట్ మేనేజర్, నోడ్ ఏజెంట్ అనీ, వెబ్‌లాజిక్‌లో అడ్మిన్ సర్వర్, నోడ్ మేనేజర్ అనీ వ్యవహరించే భాగాలు ఇక్కడ డొమైన్ కంట్రోలర్, హోస్ట్ కంట్రోలర్ రూపంలో కనిపిస్తాయి. పేర్లు, వివరాలు వేరైనా ఆలోచన దాదాపు ఒకటే కనుక, ఒకటి వచ్చినవారికి రెండోది అర్థం కావడం కష్టం కాదు.

ఒక సూచన: ఫైళ్ల పేర్లను, సెట్టింగులను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాశాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ అక్షరాలలోనే టైప్ చేయాలి.

డొమైన్ విధానం మీకు అవసరమా?

మీ అప్లికేషన్లు ఇప్పటికే కుబర్నెటిస్‌లో కంటైనర్లుగా నడుస్తుంటే డొమైన్ విధానం జోలికి వెళ్లకండి. కంటైనర్లను పుట్టించడం, ఆపడం, కొత్త వెర్షన్‌కు మార్చడం కుబర్నెటిస్ చూసుకుంటుంది. అక్కడ ప్రతి కంటైనర్‌లో వైల్డ్‌ఫ్లైని స్టాండలోన్ విధానంలో, అంటే దేనికదే విడి సర్వర్‌గా, నడపడమే సబబు. ఒకే పనికి ఇద్దరు మేస్త్రీలను పెట్టి లాభం లేదు. ఒకటి రెండు సర్వర్లు మాత్రమే ఉన్నవారికి కూడా అనేక యంత్రాలలో ఒకే సెట్టింగులను అమలు చేసే యాన్సిబుల్ వంటి సాధనంతో స్టాండలోన్ సర్వర్లను సర్దుకోవడమే తేలిక. వర్చువల్ యంత్రాలు లేదా నేరుగా హార్డ్‌వేర్ మీద నాలుగైదుకు మించి సర్వర్లు, వాటిలో రెండు మూడు రకాల అప్లికేషన్లు ఉన్నప్పుడే డొమైన్ విధానం పెట్టిన శ్రమకు ఫలితం ఇస్తుంది.

భాగాలు, వాటి మధ్య సంబంధం

ప్రతి యంత్రంలోనూ ముందుగా ప్రాసెస్ కంట్రోలర్ అనే చిన్న జావా ప్రాసెస్ మొదలవుతుంది. అది హోస్ట్ కంట్రోలర్‌ను లేపుతుంది, హోస్ట్ కంట్రోలర్ ఆ యంత్రంలోని అసలు అప్లికేషన్ సర్వర్లను ప్రారంభింపజేస్తుంది. ఇవన్నీ వేర్వేరు జేవీఎంలు, అంటే జావా ప్రోగ్రాములను నడిపే విడివిడి ప్రాసెస్‌లు. లినక్స్‌లో ప్రాసెస్‌ల జాబితా తీస్తే జావా ఆదేశం పక్కనే చదరపు బ్రాకెట్లలో ప్రాసెస్ కంట్రోలర్, హోస్ట్ కంట్రోలర్, సర్వర్ అనే పేర్లు విడివిడిగా కనబడతాయి కాబట్టి ఏది ఏదో తెలియక తప్పు ప్రాసెస్‌ను ఆపే ప్రమాదం ఉండదు.

హోస్ట్ కంట్రోలర్లలో ఒకటి డొమైన్ కంట్రోలర్ పాత్ర పోషిస్తుంది. డొమైన్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు దాని దగ్గర ఉంటుంది. ప్రొఫైళ్లు, అంటే సర్వర్‌లో ఏయే ఉపవ్యవస్థలు ఎలా ఉండాలో చెప్పే అమరికలు, అందులోనే ఉంటాయి. పోర్టుల జాబితాలు, ఒకే అమరికతో నడిచే సర్వర్ల సమూహాలైన సర్వర్ గ్రూపులు కూడా. యంత్రానికి మాత్రమే పరిమితమైన విషయాలు, అంటే ఏ సర్వర్లు ఇక్కడ నడవాలి, ఏ ఐపీ చిరునామా వాడాలి అన్నవి ఆ యంత్రంలోని హోస్ట్ ఫైలులో ఉంటాయి. ఏ సెట్టింగు ఏ ఫైలుకు చెందుతుందన్న సందేహం వచ్చినప్పుడు, అది యంత్రం మారితే మారేదా, మారనిదా అని అడిగితే సమాధానం దొరుకుతుంది.

యంత్రాల సన్నాహం

మన ఉదాహరణలో నాలుగు యంత్రాలు ఉన్నాయనుకుందాం. 10.0.0.10లో అభ్యర్థనలను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, 10.0.0.11లో డొమైన్ కంట్రోలర్, 10.0.0.12లోనూ 10.0.0.13లోనూ రెండేసి అప్లికేషన్ సర్వర్లు. డొమైన్ కంట్రోలర్ యంత్రంలో అప్లికేషన్ సర్వర్లను పెట్టకపోవడం మంచిది. అది చిన్న యంత్రమైనా సరిపోతుంది కానీ, అప్లికేషన్ భారంతో ఉక్కిరిబిక్కిరయ్యే చోట ఉంటే అవసరమైన సమయంలోనే ఆదేశాలకు స్పందించదు.

అన్ని యంత్రాలలో ఒకే జావా వెర్షన్ ఉండాలి. ఇటీవలి వైల్డ్‌ఫ్లై విడుదలలకు జావా 17 లేదా 21 ఎంచుకోండి. సమయాన్ని సరిచూసే క్రోనీ సేవ ద్వారా గడియారాలను ఒకే సమయానికి కట్టండి, లేకపోతే నాలుగు యంత్రాల లాగ్‌లను పక్కపక్కన పెట్టి చదవడం అసాధ్యమవుతుంది. రూట్ ఖాతాతో కాకుండా వైల్డ్‌ఫ్లై పేరిట ప్రత్యేక వాడుకరిని సృష్టించి, ఆప్ట్ డైరెక్టరీ కింద అన్ని చోట్లా ఒకే దారిలో సాఫ్ట్‌వేర్‌ను విప్పండి. తెరచి ఉంచగల ఫైళ్ల పరిమితిని ఆ వాడుకరికి పెంచి, సిస్టమ్‌డీ సేవగా నమోదు చేయండి.

ఫైర్‌వాల్ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. నిర్వహణకు 9990 పోర్టు. అప్లికేషన్‌కు 8080, భద్రమైన సంధానానికి 8443. లోడ్ బ్యాలెన్సర్ ఏజేపీ అనే ప్రోటోకాల్ వాడితే 8009. క్లస్టర్ సభ్యులు టీసీపీ ద్వారా మాట్లాడుకుంటే 7600. ఇవి కాక, పడిపోయిన సభ్యుడిని గుర్తించడానికి, సభ్యుల మధ్య సందేశాలు నడిపే జేగ్రూప్స్ అనే భాగం మరో పోర్టు వాడుతుంది. అది విడుదలను బట్టి మారుతుంది కనుక మీ దగ్గరి సాకెట్ బైండింగ్ గ్రూపులో (పోర్టుల జాబితాలో) చూసి తెరవండి. ఒకే యంత్రంలో రెండో సర్వర్ ఉన్నప్పుడు దాని పోర్టులన్నీ ఆఫ్‌సెట్ అనే అదనపు సంఖ్య మేరకు జరుగుతాయి: ఆఫ్‌సెట్ 100 అయితే 8080 కాస్తా 8180 అవుతుంది, 7600 కాస్తా 7700 అవుతుంది. 9990 మాత్రం జరగదు, ఎందుకంటే అది హోస్ట్ కంట్రోలర్‌ది. డొమైన్ విధానంలో విడి సర్వర్లకు సొంత నిర్వహణ పోర్టు ఉండదు.

డొమైన్ కంట్రోలర్‌ను నిలబెట్టడం

10.0.0.11లో కాన్ఫిగరేషన్ డైరెక్టరీలో హోస్ట్-ప్రైమరీ అనే సిద్ధమైన ఫైలు ఉంటుంది (పాత విడుదలలలో దీని పేరు హోస్ట్-మాస్టర్). సర్వర్లేవీ లేకుండా నిర్వహణ మాత్రమే చేసేలా రాసిన ఫైలు కాబట్టి మనకు కావలసింది ఇదే. డొమైన్ స్క్రిప్టును నడిపేటప్పుడు హోస్ట్ కాన్ఫిగ్ ఐచ్ఛికంలో ఈ ఫైలు పేరు, నిర్వహణ చిరునామాగా 10.0.0.11 ఇవ్వండి. చిరునామా ఇవ్వకపోతే అది 127.0.0.1 మీదే వింటుంది. బయటి యంత్రాలేవీ దాన్ని చేరుకోలేవు.

తర్వాత యాడ్-యూజర్ స్క్రిప్టుతో నిర్వహణ వాడుకరులను సృష్టించండి. మనుషులకు విడి ఖాతాలు, ప్రతి హోస్ట్ కంట్రోలర్‌కూ విడి ఖాతా ఉండాలి. ఒకే ఖాతాను అందరికీ పంచితే, రేపు ఒక యంత్రాన్ని తొలగించవలసి వచ్చినప్పుడు అన్నిచోట్లా పాస్‌వర్డు మార్చవలసి వస్తుంది. డిఫాల్ట్‌గా అనుమతి విధానం సరళంగా ఉంటుంది, అంటే లోపలికి రాగలిగిన ప్రతి వాడుకరికీ సర్వాధికారాలు ఉంటాయి. బృందంలో ముగ్గురికి మించి ఉంటే పాత్రల ఆధారిత విధానానికి మారండి. అందులో చూడటానికే పరిమితమైన మానిటర్, సర్వర్లను ఆపి తిరిగి లేపగల ఆపరేటర్, అప్లికేషన్లను ఎక్కించగల డిప్లాయర్ వంటి పాత్రలున్నాయి. ఒక పాత్రను ఒకే సర్వర్ గ్రూపుకు పరిమితం చేయడం కూడా సాధ్యమే.

ఇక్కడి నుంచి సెట్టింగులన్నీ సీఎల్ఐ (ఆదేశాలు టైప్ చేసే సాధనం) ద్వారానే మార్చండి. కంట్రోలర్ నడుస్తుండగా డొమైన్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌ను చేత్తో దిద్దితే, ఆ తర్వాత వచ్చే ఏ ఆదేశమైనా ఫైలును తిరగరాస్తుంది, మీ దిద్దుబాటు మాయమవుతుంది. సీఎల్ఐ ఆదేశాలను ఒక ఫైలులో రాసి గిట్‌లో భద్రపరిస్తే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలియడంతోపాటు, పరీక్షల డొమైన్‌ను అదే ఫైలుతో మళ్లీ కట్టుకోవచ్చు. పెద్ద మార్పుకు ముందు స్నాప్‌షాట్ తీసుకునే ఆదేశం ఒకటి ఉంది, దాన్ని అలవాటు చేసుకోండి.

హోస్ట్ కంట్రోలర్లను చేర్చడం

10.0.0.12, 10.0.0.13 యంత్రాలలో హోస్ట్-సెకండరీ ఫైలును వాడాలి. మూడు విషయాలు దిద్దితే చాలు: హోస్ట్ పేరు, డొమైన్ కంట్రోలర్ చిరునామా, దానికి చూపించే ఖాతా వివరాలు.

హోస్ట్ పేరు డొమైన్ మొత్తంలో మరే హోస్ట్‌కూ లేనిదై ఉండాలి. రాయకపోతే యంత్రం పేరునే తీసుకుంటుంది. వర్చువల్ యంత్రాన్ని కాపీ చేసి రెండోదాన్ని సృష్టించినప్పుడు పాత పేరే మిగిలిపోవడం, అదే పేరుతో ఒక హోస్ట్ ఇప్పటికే ఉందంటూ డొమైన్ కంట్రోలర్ దాన్ని తిరస్కరించడం తరచూ జరిగేదే.

పాస్‌వర్డు విషయంలో జాగ్రత్త అవసరం. పాత విడుదలలలో దాన్ని బేస్64 రూపంలో రాసేవారు; అది రహస్య లిపి కాదు, ఎవరైనా క్షణంలో విప్పగలరు. 2021లో వచ్చిన వైల్డ్‌ఫ్లై 25 పాత భద్రతా విధానాన్ని తీసేసి, దాని స్థానాన్ని ఎలిట్రాన్ అనే భద్రతా ఉపవ్యవస్థకు పూర్తిగా అప్పగించింది. ఎలిట్రాన్‌లోని క్రెడెన్షియల్ స్టోర్‌లో పాస్‌వర్డును దాచి, హోస్ట్ ఫైలులో దాని పేరును మాత్రమే ప్రస్తావించండి.

ఆ ఫైలులో నమూనాగా రెండు సర్వర్లు రాసి ఉంటాయి. వాటిని తొలగించాకే హోస్ట్‌ను మొదలుపెట్టండి, లేకపోతే మీకు అక్కర్లేని సర్వర్లు లేచి కూర్చుంటాయి. డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో రెండు హోస్ట్‌ల పేర్లూ నమోదైనట్లు కనిపించేదాకా తర్వాతి మెట్టు ఎక్కవద్దు.

సర్వర్ గ్రూపు, మెమరీ

వైల్డ్‌ఫ్లైతో వచ్చే ప్రొఫైళ్లలో డిఫాల్ట్, ఫుల్ అన్న రెండింటికీ క్లస్టర్ సామర్థ్యం ఉండదు. హెచ్‌ఏ (హై అవైలబిలిటీ), ఫుల్-హెచ్‌ఏ అన్నవాటికి ఉంటుంది. మెసేజింగ్ క్యూలు అవసరమైతేనే ఫుల్-హెచ్‌ఏ తీసుకోండి. వాడని ఉపవ్యవస్థ ప్రతిదీ మెమరీ తింటుంది, భద్రతా లోపాలకు ఒక అదనపు తలుపు తెరుస్తుంది. హెచ్‌ఏ ప్రొఫైల్‌ను నేరుగా మార్చకుండా, క్లోన్ ఆదేశంతో మీ అప్లికేషన్ పేరిట నకలు తీసి దానిలో మార్పులు చేస్తే, ఏది మూలం, ఏది మీ మార్పు అన్నది ఎప్పుడైనా పోల్చుకోవచ్చు. తర్వాత ఆ నకలును, హెచ్‌ఏ-సాకెట్స్ అనే పోర్టుల గ్రూపును జతచేస్తూ సర్వర్ గ్రూపును సృష్టించండి. ఆపై ఒక్కో హోస్ట్‌లో రెండేసి సర్వర్లను ఆ గ్రూపు పేరుతో చేర్చి, రెండోదానికి ఆఫ్‌సెట్ 100 ఇవ్వండి.

మెమరీ దగ్గర స్టాండలోన్ అలవాటు ఉన్నవారు పొరబడే చోటు ఒకటి ఉంది. డొమైన్ కాన్ఫ్ ఫైలులోని జావా ఐచ్ఛికాలు ప్రాసెస్ కంట్రోలర్‌కు, హోస్ట్ కంట్రోలర్‌కు మాత్రమే వర్తిస్తాయి, అప్లికేషన్ సర్వర్లకు కాదు. అక్కడ హీప్‌ను, అంటే జావా వస్తువులకు కేటాయించే మెమరీని, 4 జీబీకి పెంచి, అప్లికేషన్ మాత్రం మెమరీ చాలక పడిపోతోందని తల పట్టుకోవడం వృథా. సర్వర్ల హీప్‌ను సర్వర్ గ్రూపులోని జేవీఎం అమరికలో పెట్టాలి. ఏదైనా ఒక సర్వర్‌కు వేరే కొలత కావాలంటే హోస్ట్‌లో దాని దగ్గరే మార్చవచ్చు. 16 జీబీ యంత్రంలో 4 జీబీ హీప్‌తో రెండు సర్వర్లు పెట్టారనుకుందాం. హీప్‌లకే 8 జీబీ పోతుంది. తరగతులకు, థ్రెడ్లకు, నెట్‌వర్క్ బఫర్లకు హీప్ బయట పట్టే చోటు, రెండు కంట్రోలర్ ప్రాసెస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ మిగతా 8 జీబీలో సర్దుకోవాలి. అంతకుమించి హీప్ పెంచాలనిపిస్తే రెండో సర్వర్‌ను తీసేయడం మేలు.

మార్పు చేసిన ప్రతిసారీ సీఎల్ఐ ఇచ్చే జవాబును చివరిదాకా చదవండి. కొన్ని మార్పులు వెంటనే అమలవుతాయి, కొన్నింటికి రీలోడ్, కొన్నింటికి పూర్తి రీస్టార్ట్ కావాలని అందులోనే చెబుతుంది.

ఈ దశలో నాలుగు సర్వర్లూ లేచాయంటే కేంద్రీకృత నిర్వహణ సిద్ధమైనట్లే. క్లస్టర్ మాత్రం ఇంకా లేదు.

క్లస్టర్ ఏర్పడేలా చేయడం

సభ్యులు ఒకరినొకరు కనుగొనడం, సందేశాలు పంపుకోవడం జేగ్రూప్స్ పని. సెషన్ వంటి సమాచారాన్ని పంచి దాచడం ఇన్ఫినిస్పాన్ పని. ఈ రెండింటి అమరికా హెచ్‌ఏ ప్రొఫైల్‌లో ముందే ఉంటుంది, అయినా క్లస్టర్ ఏర్పడదు. దానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి.

మొదటిది ప్రైవేట్ అనే ఇంటర్‌ఫేస్. వైల్డ్‌ఫ్లైలో నిర్వహణకు, ప్రజలకు, సర్వర్ల మధ్య మాటలకు మూడు వేర్వేరు ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి. జేగ్రూప్స్ వాడేది ప్రైవేట్ ఇంటర్‌ఫేస్, దాని డిఫాల్ట్ చిరునామా 127.0.0.1. పబ్లిక్ చిరునామా ఒక్కటే మార్చి దీన్ని మరిచిపోతే, అప్లికేషన్ బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటుంది, లాగ్‌లో ఎర్ర గీత ఒక్కటీ ఉండదు, కానీ పక్క యంత్రంలోని సర్వర్లు ఈ సర్వర్‌కు కనబడవు. ప్రతి హోస్ట్‌లోనూ ప్రైవేట్ చిరునామాను ఆ యంత్రపు అంతర్గత ఐపీకి మార్చండి. దీన్ని ప్రజలకు తెరిచిన నెట్‌వర్క్‌కు ఎప్పుడూ కట్టవద్దు.

రెండోది మల్టీకాస్ట్, అంటే ఒకే సందేశాన్ని ఒకేసారి అనేక యంత్రాలకు పంపే పద్ధతి. జేగ్రూప్స్ డిఫాల్ట్‌గా యూడీపీ స్టాక్‌ను ఎంచుకుని 230.0.0.4 అనే మల్టీకాస్ట్ చిరునామాకు సందేశాలు పంపి సభ్యులను వెతుకుతుంది. కార్యాలయంలోని ఒకే స్విచ్ మీద ఇది పనిచేయవచ్చు. క్లౌడ్‌లోని వర్చువల్ నెట్‌వర్క్‌లు సాధారణంగా మల్టీకాస్ట్‌ను మోయవు. అక్కడ టీసీపీ స్టాక్‌కు మారి, సభ్యులను వెతికే పద్ధతిని కూడా మార్చాలి. సర్వర్ల సంఖ్య స్థిరంగా ఉంటే టీసీపీపింగ్‌లో చిరునామాలన్నీ రాసేయవచ్చు: మన ఉదాహరణలో 10.0.0.12, 10.0.0.13 రెండింటికీ 7600, 7700 కలిపి నాలుగు గమ్యాలు. ఆఫ్‌సెట్ పెట్టిన సర్వర్‌ను కూడా 7600 అని రాస్తే అది ఎప్పటికీ దొరకదు. సర్వర్లు తరచూ పెరుగుతూ తరుగుతూ ఉంటే జేడీబీసీపింగ్ మెరుగు; ప్రతి సభ్యుడూ తన చిరునామాను డేటాబేస్‌లోని ఒక పట్టికలో రాసుకుంటాడు, కొత్తవారు అక్కడ చదివి చేరతారు.

మూడోది కారణం కూడా కాదు, ఒక అపోహ. జేగ్రూప్స్ ఛానెల్ అవసరం పడేదాకా మొదలు కాదు. ఖాళీ సర్వర్లను లేపి లాగ్‌లో క్లస్టర్ కోసం ఎంత వెతికినా ఏమీ కనబడదు. డిస్ట్రిబ్యూటబుల్ (సెషన్లను పంచుకోగలది) అని గుర్తు పెట్టిన అప్లికేషన్ ఒకటి ఎక్కించిన తర్వాతే ఛానెల్ లేస్తుంది. అప్పుడు లాగ్‌లో ఐఎస్‌పీఎన్000094 అనే సంఖ్యతో కొత్త క్లస్టర్ వ్యూ అందిందన్న పంక్తి వస్తుంది. ఆ పంక్తిలో కుండలీకరణాల మధ్య సభ్యుల సంఖ్య, తర్వాత హోస్ట్ పేరు, సర్వర్ పేరు జంటలుగా సభ్యుల జాబితా ఉంటాయి. మనకు అక్కడ 4 కనబడాలి. నాలుగు లాగ్‌లలోనూ 1 అని ఉంటే ఎవరికి వారే క్లస్టర్ కట్టుకున్నారన్నమాట. రెండు చోట్ల 2, మరో రెండు చోట్ల 2 అని ఉంటే యంత్రం లోపల మాటలు సాగుతున్నాయి, యంత్రాల మధ్య దారి మూసుకుంది, ఫైర్‌వాల్‌ను చూడండి.

దీనికి వ్యతిరేకమైన సమస్య కూడా ఉంది. పరీక్షల సర్వర్లు, అసలు సర్వర్లు ఒకే నెట్‌వర్క్‌లో, ఒకే మల్టీకాస్ట్ చిరునామాతో, ఒకే క్లస్టర్ పేరుతో ఉంటే అవి ఒక్కటై కలిసిపోతాయి. రెండింటికీ వేర్వేరు మల్టీకాస్ట్ చిరునామాలు, వేర్వేరు క్లస్టర్ పేర్లు పెట్టండి. నెట్‌వర్క్‌లోనే వేరుచేయగలిగితే మరీ మంచిది. జేగ్రూప్స్‌లో సభ్యత్వానికి ధ్రువీకరణను, సందేశాలకు గుప్తీకరణను చేర్చే ప్రోటోకాల్‌లు ఉన్నాయి. అంతర్గత నెట్‌వర్క్‌ను ఇతరులతో పంచుకునే చోట వాటిని తప్పక చేర్చాలి.

ఇక సెషన్ల నకళ్ల గురించి. వెబ్ సెషన్లకు డిఫాల్ట్‌గా వాడే డిస్ట్రిబ్యూటెడ్ క్యాష్‌లో ప్రతి సెషన్‌కూ రెండు ప్రతులు ఉంటాయి. రెప్లికేటెడ్ క్యాష్‌లో అన్ని సర్వర్లలోనూ ఒక్కో ప్రతి ఉంటుంది. సర్వర్లు పెరిగేకొద్దీ మెమరీ, నెట్‌వర్క్ ఖర్చు కూడా పెరుగుతుంది కాబట్టి, నాలుగు సర్వర్లు దాటితే నేనైతే దాన్ని ఎంచుకోను. అయితే రెండు ప్రతుల పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఒకే యంత్రంలో రెండు సర్వర్లున్నప్పుడు రెండు ప్రతులూ ఆ యంత్రంలోనే పడితే, యంత్రం ఆగగానే సెషన్ పోతుంది. జేగ్రూప్స్ ట్రాన్స్‌పోర్ట్‌లో సైట్, ర్యాక్, మెషీన్ అనే మూడు గుర్తింపులు ఉన్నాయి. మెషీన్ విలువను ఇస్తే ఇన్ఫినిస్పాన్ రెండో ప్రతిని వేరే యంత్రంలో పెట్టడానికి ప్రయత్నిస్తుంది. ప్రొఫైల్ అన్ని హోస్ట్‌లకూ ఉమ్మడి కనుక అక్కడ నేరుగా పేరు రాయకుండా, ఒక సిస్టమ్ ప్రాపర్టీని ప్రస్తావించి, ఆ ప్రాపర్టీ విలువను ప్రతి హోస్ట్ ఫైలులోనూ విడిగా ఇవ్వండి.

అప్లికేషన్ క్లస్టర్‌కు సిద్ధంగా ఉందా?

సర్వర్ల వైపు అంతా సవ్యంగా ఉన్నా అప్లికేషన్ అందుకు తగినట్లు రాయకపోతే ప్రయోజనం ఉండదు. వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో డిస్ట్రిబ్యూటబుల్ గుర్తు ఉండాలి. సెషన్‌లో ఉంచే ప్రతి వస్తువూ సీరియలైజ్ చేయదగినదై, అంటే నెట్‌వర్క్ మీదుగా పంపగల రూపంలోకి మార్చదగినదై, ఉండాలి. వెతుకులాట ఫలితాల జాబితా మొత్తాన్ని సెషన్‌లో దాచే అలవాటు ఒకే సర్వర్ ఉన్నప్పుడు పెద్దగా బాధించదు. క్లస్టర్‌లో మాత్రం అది నెట్‌వర్క్ మీదుగా మరో సర్వర్‌కు ప్రయాణించాలి. సెషన్‌ను కొద్ది కిలోబైట్లకు పరిమితం చేయమని రాసేవారికి ముందే చెప్పండి.

వాడుకరులు ఎక్కించే ఫైళ్లను సర్వర్ సొంత డిస్కులో దాచితే, తర్వాతి అభ్యర్థన మరో సర్వర్‌కు వెళ్లినప్పుడు ఆ ఫైలు ఉండదు. రాత్రి పన్నెండు గంటలకు నడిచే పని నాలుగు సర్వర్లలోనూ నాలుగు సార్లు నడుస్తుంది. వాడుకరులకు ఒకే ఎస్సెమ్మెస్ నాలుగు సార్లు వెళ్లడం చాలాసార్లు దీని ఫలితమే. అలాంటి పనిని విడి అప్లికేషన్‌గా తీసి సింగిల్టన్ డిప్లాయ్‌మెంట్‌గా ఎక్కిస్తే, ఒక సమయంలో ఒక్క సర్వర్‌లోనే నడుస్తుంది, ఆ సర్వర్ పోతే మరొకటి అందుకుంటుంది.

డేటాబేస్, మాడ్యూళ్లు

డొమైన్ కంట్రోలర్ సెట్టింగులను, ఎక్కించిన అప్లికేషన్లను మాత్రమే పంచుతుంది. జావాను పంచదు, ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లను పంచదు, మాడ్యూల్స్ డైరెక్టరీలో మీరు పెట్టిన ఫైళ్లను కూడా పంచదు. డేటాబేస్ డ్రైవర్‌ను మాడ్యూల్‌గా పెట్టాలంటే ప్రతి యంత్రంలోనూ అదే దారిలో పెట్టాలి. యాన్సిబుల్ ఇక్కడ పనికొస్తుంది. డ్రైవర్ జార్‌ను మామూలు అప్లికేషన్‌లా ఎక్కిస్తే కంట్రోలర్ దాన్ని తానే పంచుతుంది. లాగ్‌లు కూడా అంతే, ఏ సర్వర్ లాగ్ ఆ యంత్రంలోని సర్వర్ డైరెక్టరీలోనే ఉంటుంది. వాటిని ఒక చోటికి చేర్చే ఏర్పాటు విడిగా చేసుకోవాలి.

డేటాసోర్స్‌ను, అంటే డేటాబేస్ సంధానపు వివరాలను, ప్రొఫైల్‌లో ఒకసారి రాస్తే గ్రూపులోని సర్వర్లన్నింటికీ వర్తిస్తుంది. సౌకర్యమే, కానీ కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచే డేటాబేస్ కనెక్షన్ల నిల్వ) పరిమితి ఒక్కో సర్వర్‌కు విడిగా లెక్కకు వస్తుంది. గరిష్ఠంగా 20 అని రాస్తే నాలుగు సర్వర్లకు 80. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా అనుమతించేది 100 కనెక్షన్లు మాత్రమే. ఇంటర్ ఫలితాల రోజు వంటి రద్దీని ఊహించి పూల్‌ను 30కి పెంచితే లెక్క 120కి చేరి, రద్దీ పతాక స్థాయికి చేరిన క్షణంలోనే డేటాబేస్ కొత్త కనెక్షన్లను తిరస్కరిస్తుంది. పూల్ పెంచే ముందు సర్వర్ల సంఖ్యతో గుణించి చూడండి.

లోడ్ బ్యాలెన్సర్

ఎన్‌జిన్‌ఎక్స్, హెచ్‌ఏప్రాక్సీ కూడా పనికొస్తాయి కానీ వాటికి సర్వర్ల జాబితాను మీరే ఇవ్వాలి. మాడ్‌క్లస్టర్ తీరు వేరు: సర్వర్లే వచ్చి బ్యాలెన్సర్ దగ్గర నమోదు చేసుకుంటాయి, తమ భారం ఎంతో చెబుతాయి, అప్లికేషన్ ఆగినప్పుడు ఆ సంగతీ తెలుపుతాయి. అపాచీ వెబ్ సర్వర్‌తో దీన్ని నడపవచ్చు, లేదా వైల్డ్‌ఫ్లైలోనే ఉన్న లోడ్-బ్యాలెన్సర్ ప్రొఫైల్‌ను వాడవచ్చు. మాడ్‌క్లస్టర్ ప్రకటనలు కూడా మల్టీకాస్ట్ మీదే సాగుతాయి కాబట్టి, అది లేనిచోట ప్రకటనలను ఆపి, ప్రొఫైల్‌లో బ్యాలెన్సర్ చిరునామాను నేరుగా రాయండి. నమోదుకు వాడే పోర్టు అంతర్గత నెట్‌వర్క్‌కు మాత్రమే కనిపించాలి. బయటివారికి చేరితే ఎవరైనా తమ యంత్రాన్ని మీ క్లస్టర్‌లో సర్వర్‌గా నమోదు చేసుకోగలరు.

సెషన్ ఉన్న వాడుకరిని వీలైనంతవరకు అదే సర్వర్‌కు పంపాలి. బ్రౌజర్‌లోని సెషన్ కుకీ విలువ చివర చుక్క తర్వాత సర్వర్ పేరు కనిపిస్తే ఆ ఏర్పాటు పనిచేస్తున్నట్లు. హెచ్‌టీటీపీఎస్ బ్యాలెన్సర్ దగ్గరే ముగుస్తుంటే, ప్రాక్సీ చిరునామాను ముందుకు పంపే సెట్టింగును ప్రొఫైల్‌లో ఆన్ చేయాలి. లేకపోతే వాడుకరులందరూ 10.0.0.10 నుంచే వస్తున్నట్లు అప్లికేషన్ భావిస్తుంది.

కొత్త వెర్షన్‌ను ఎక్కించడం

అప్లికేషన్ ఫైలును డొమైన్ కంట్రోలర్‌కు అప్పగించి, ఏ సర్వర్ గ్రూపుకో చెబితే చాలు. అది ఫైలును తన భాండాగారంలో హ్యాష్ పేరుతో దాచి, అవసరమైన హోస్ట్‌లకు పంపుతుంది. అయితే ప్రత్యేకించి చెప్పకపోతే గ్రూపులోని సర్వర్లన్నింటిలోనూ ఒకేసారి మార్పు మొదలవుతుంది, అంటే కొన్ని క్షణాలు అప్లికేషన్ ఎక్కడా ఉండదు. దీనికి విరుగుడు రోలౌట్ ప్లాన్. రోలింగ్-టు-సర్వర్స్ అన్న విలువను ట్రూ చేస్తే ఒక సర్వర్ పూర్తయ్యాకే మరొకటి మారుతుంది; ఎన్ని సర్వర్లలో విఫలమైతే మొత్తం వెనక్కి తిప్పాలో కూడా అందులోనే చెప్పవచ్చు. మొదటి సర్వర్‌లో విఫలమవగానే ఆగిపోయేలా ఆ సంఖ్యను సున్నాగా ఉంచడం నా సిఫారసు.

చేతిలో ఉన్న అభ్యర్థనలను పూర్తి చేయనిచ్చి సర్వర్‌ను ఆపాలంటే, ముందుగా సస్పెండ్ ఆదేశాన్ని 60 సెకన్ల వంటి గడువుతో ఇవ్వండి. సెషన్‌లో దాచే తరగతుల నిర్మాణం కొత్త వెర్షన్‌లో మారితే మాత్రం ఈ వరుస పద్ధతి సరిపోదు, ఎందుకంటే పాత సర్వర్ రాసిన సెషన్‌ను కొత్త సర్వర్ చదవలేకపోవచ్చు. అలాంటి విడుదలకు రెండో సర్వర్ గ్రూపును వేరే క్లస్టర్ పేరుతో లేపి, బ్యాలెన్సర్‌లో వాడుకరులను దానివైపు మళ్లించడమే క్షేమం.

చెడగొట్టి చూడటం

ప్రజలకు తెరిచే ముందు ఒక పూట దీనికి కేటాయించండి. లాగిన్ అయి, సెషన్‌లో ఏదైనా ఉంచి, కుకీలో పేరున్న సర్వర్‌ను బలవంతంగా ఆపండి. మళ్లీ లాగిన్ అడగకుండా పేజీ రావాలి, కుకీ చివరి పేరు మారాలి. తర్వాత ఒక యంత్రాన్ని మొత్తంగా ఆపండి. పైన చెప్పిన మెషీన్ గుర్తింపు సరిగా ఉందో లేదో ఇక్కడే తేలుతుంది. ఆపై రెండు యంత్రాల మధ్య క్లస్టర్ పోర్టులను ఫైర్‌వాల్‌తో మూసి, రెండు నిమిషాల తర్వాత తెరవండి. విడిపోయిన రెండు భాగాలు మళ్లీ కలిసి లాగ్‌లో సభ్యుల సంఖ్య 4కు రావాలి. హోస్ట్ కంట్రోలర్ ప్రాసెస్‌ను ఒక్కదాన్నే చంపి చూడండి. ప్రాసెస్ కంట్రోలర్ దాన్ని తిరిగి లేపుతుంది, అప్లికేషన్ సర్వర్లు ఆ మధ్యలో ఆగవు.

చివరగా డొమైన్ కంట్రోలర్‌ను ఆపండి. అప్లికేషన్ సర్వర్లకు ఏమీ కాదు. నిర్వహణకు, క్లస్టర్‌కు మధ్య ఉన్న తేడా ఇక్కడ కళ్లకు కడుతుంది. కొత్త ఆదేశాలు మాత్రం సాగవు, ఈలోగా ఏదైనా హోస్ట్ రీస్టార్ట్ అయితే డొమైన్ కంట్రోలర్ దొరకక లేవలేదు. అందుకే కనీసం ఒక హోస్ట్ కంట్రోలర్‌ను బ్యాకప్ ఐచ్ఛికంతో నడపాలి. అప్పుడు అది డొమైన్ సెట్టింగుల నకలును తన దగ్గర ఉంచుకుంటుంది. అలాంటి హోస్ట్‌ను క్యాష్డ్-డీసీ ఐచ్ఛికంతో మొదలుపెడితే, డొమైన్ కంట్రోలర్ లేకపోయినా తన నకలుతో లేస్తుంది. అసలు డొమైన్ కంట్రోలర్ తిరిగిరాని పరిస్థితిలో బ్యాకప్ హోస్ట్‌కే ఆ పాత్రను అప్పగించే ఆదేశం ఉంది, కానీ అది దానంతటదే జరగదు; మిగతా హోస్ట్‌లకు కొత్త చిరునామాను కూడా మీరే చెప్పాలి. ఆ ఆదేశాలను వరుసగా కాగితం మీద రాసి, పరీక్షల డొమైన్‌లో ఒకసారి నడిపి చూసి, రాత్రి విధుల్లో ఉండేవారికి అందుబాటులో ఉంచండి. వైల్డ్‌ఫ్లై వెర్షన్ పెంచేటప్పుడు కూడా వరుస ముఖ్యం: డొమైన్ కంట్రోలర్‌ను ముందు పెంచి, ఆ తర్వాతే హోస్ట్‌లను ఒక్కొక్కటిగా పెంచాలి, ఎందుకంటే తనకంటే కొత్త వెర్షన్‌లో ఉన్న హోస్ట్‌ను పాత డొమైన్ కంట్రోలర్ నిర్వహించలేదు.